బాపు తింటేనే తింటా

మా ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. కట్టంగూరుకు దగ్గర్లో, హైవేకి కొంచెం లోపలికి ఉంటుంది, అంతవరకు చాలు. నేను పనిచేసిన కంపెనీ పేరు కూడా రాయను. చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల కంపెనీలు చాలా ఉన్నాయి, అందులో ఒకటి అనుకోండి. రోగం తగ్గాక కూడా ఇంత జాగ్రత్త ఎందుకని అడగొచ్చు. రోగం తగ్గింది, లోకం మారలేదు. మనిషికి షుగరుందంటే చాయ్‌లో చక్కెర తగ్గిస్తారు. నాకొచ్చింది ఫలానా అని తెలిస్తే పని ఇవ్వరు, కిరాయికి ఇల్లివ్వరు, నలుగురు కూర్చున్నచోట నా మాటకు తలలు దించుకుని నవ్వుకుంటారు.

డాక్టరమ్మ నా రోగానికి ఒక పేరు చెప్పింది. దాన్నీ రాయను. పేరు చదవగానే మీరు సినిమాల్లో చూసినదేదో గుర్తు చేసుకుంటారు. నాకు జరిగింది అంత తమాషాగా లేదు. నా ఇంట్లో నాకు పెట్టే అన్నం మీద నాకు నమ్మకం పోయింది. ఎవరి చేతి అన్నం తిని బతకాలో ఆ చేతినే నమ్మలేకపోయాను. ఇది మూడు వానాకాలాల కిందటి మాట. ఇప్పుడు మనసు కొంత కుదుటపడింది కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి ఇల్లు ఇంకెక్కడైనా ఉంటే వాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఇందులో మనుషులు తక్కువే. నేను మల్లేశ్‌ని. నా భార్య సుజాత. మా పాప అక్షితకు అప్పుడు నాలుగేళ్లు. మా బాపు ఊళ్లో గొర్రెలు కాస్తాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, బాపే పెంచాడు.

జూన్, జూలై

అప్పుడు మేం చౌటుప్పల్‌లో ఒక గదీ వంటిల్లూ కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. కంపెనీలో నా పని శాంపిళ్లు తీయడం. డ్రమ్ములోంచి పొడి తీసి చిన్న సీసాలో నింపాలి. సీసా మీద బ్యాచ్ నంబరు, తేదీ, టైము రాసి సంతకం పెట్టాలి. ప్రతి బ్యాచ్‌లోంచి ఒక సీసాను ఏళ్ల తరబడి దాచి ఉంచుతారు. రేపెప్పుడైనా ఆ మందు మీద ఎవరికైనా అనుమానం వస్తే సీసా తీసి చూస్తారు. నా ఉద్యోగమే అనుమానం మీద నడిచేది, నెలనెలా దానికి జీతం కూడా ఇచ్చేవారు.

ఆ వేసవి చివర్లో ఒక బ్యాచ్ చెడిపోయింది. సంతకాలు పెట్టినవాళ్లందరినీ లోపలికి పిలిచి అడిగారు. నన్ను రెండు ప్రశ్నలడిగి పంపేశారు. తోటివాళ్లు సాయంత్రానికే మర్చిపోయారు. నేను మర్చిపోలేకపోయాను. రెండే ఎందుకడిగారు? మిగతావి వాళ్లకు ముందే తెలుసా? షిఫ్టులు మారుతున్నాయి, నిద్ర పట్టడం మానేసింది. క్యాంటీన్ దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటే అందులో నా పేరు వినిపించేది. కంపెనీ బస్సులో వెనక సీటాయన నేను ఎక్కినప్పుడే దగ్గేవాడు. ఒక ఎర్ర బండి హైవే మీద మూడు రోజులు వరసగా నా వెనకే వచ్చింది. నంబరు రాసిపెట్టుకున్నాను.

ఇవన్నీ ఇప్పుడు నవ్వులాటగా ఉన్నాయి. అప్పుడు ప్రతి అనుమానమూ రుజువుతో సహా వచ్చేది. ఊరికే భయం వేస్తే మనిషి దేవుడికి మొక్కుకుంటాడు. రుజువు దొరికితే పోట్లాటకు పోతాడు. నేను సూపర్‌వైజర్‌తో పోట్లాడి పని మానేసి వచ్చాను.

తర్వాత వంతు ఇంటిది. ఒకరోజు సుజాత చేసిన పచ్చిపులుసు చేదుగా అనిపించింది. ఆమె ఫోనులో వాళ్ల అన్నతో మాట్లాడుతూ నన్ను చూసి గొంతు తగ్గించింది. ఈ రెండూ కలిపి చూసుకున్నాను. మర్నాటి నుంచి వచ్చిన విద్యే వాడాను. మందుల షాపు నుంచి చిన్న ఖాళీ సీసాలు కొని, వండిన ప్రతి కూరలోంచి ఒక చెంచాడు తీసి, మూత పెట్టి, లేబుల్ అంటించి ట్రంకుపెట్టెలో పెట్టేవాణ్ని. సుజాత మొదట నవ్వింది. మూడోరోజు నవ్వలేదు. పెట్టె నిండాక మా బాపుకు ఫోన్ చేసింది.

ఆగస్టు

బాపు వచ్చి మమ్మల్ని ఊరికి తీసుకుపోయాడు. దారిలో ఏమీ అడగలేదు. ఊరు చేరాక మాత్రం అందరూ అడిగారు, అందరూ ఒక్కో వైద్యం చెప్పారు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఒకడికి పడితే ఇంటిల్లిపాదినీ, పక్కింటివాళ్లనూ ఆడిస్తుంది. 

సుజాత ఒక మంచి మాట చెప్పింది. కంపెనీ జీతంలోంచి కోసుకుని ఇచ్చిన బీమా కార్డు ఉంది కదా, పని మానేసినా ఇంకా కొన్ని నెలలు నడుస్తుంది కదా, దాని మీద ఖర్చు లేకుండా చూపించుకోవచ్చు కదా అంది. నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆ కార్డు మీద చూపించుకుంటే ఏ రోగమో కంపెనీకి తెలుస్తుందని నా భయం. ఇది రోగంతో వచ్చిన భయం కాదు. మా షిఫ్టులో నిక్షేపంలాంటి మనుషులకు కూడా ఉండేది. నడుం నొప్పికి కార్డు తీస్తారు, తలకు సంబంధించిందంటే సొంత డబ్బులు పెట్టుకుంటారు. నిజంగా కార్డు వల్ల ఎవరి ఉద్యోగమైనా పోయిందా అంటే, ఎవరూ వాడలేదు కాబట్టి ఎవరికీ తెలియదు.

నల్గొండ పెద్ద దవాఖానకు పోదామని ఎవరో అంటే ఊరివాళ్లే వద్దన్నారు. ఊరికే ఇచ్చే మందు ఊరికే పోతుందని మా దగ్గర అందరి నమ్మకం. చివరికి మా ఊళ్లో సూదిమందు వేసే ఆయన పూనుకున్నాడు. ఆయన డాక్టరు చదువు చదవలేదు, ఊరంతా మాత్రం డాక్టరనే పిలుస్తుంది. నగరంలో తనకు తెలిసిన ప్రైవేటు దవాఖాన ఉందని, డబ్బుల దగ్గర తానే మాట్లాడతానని కారు కూడా తెచ్చాడు.

ఆ దవాఖాన వెయిటింగ్ హాల్లో ముప్పై కుర్చీలుంటే ముప్పైమందీ ఒకరినొకరు చూసుకోకుండా టీవీ చూస్తున్నారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి అడగకపోయినా చెప్పాడు, తను తోడుగా వచ్చానని. ఆయనతో ఎవరూ రాలేదు. కౌంటరు దగ్గర అమ్మాయి మా ఊరాయనను చూసి, ఈ నెలలో ఇది మీ నాలుగో కేసు సార్ అంది. నేను చెవులారా విన్నాను. ఆ పూటంతా సుజాతకు చెప్పాను, ఈయనకు ఇందులో వాటా ఉందని. పిచ్చివాడి మాటని కొట్టిపారేసింది. అందులో నేను అన్నది అక్షరాలా నిజమని తర్వాత ఏడాదికి తేలింది. రోగంలో ఉన్నవాడి మాటలన్నీ రోగం కాదు, ఇది ఇంటివాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

మా రేషన్ కార్డు ఈ రోగానికి ఇక్కడ నడవదన్నారు. తలకు ఫోటో తీశారు, రక్తం తీశారు, పది రోజులు ఉంచుకున్నారు. నన్ను అడగాల్సినవన్నీ తలుపవతల సుజాతను అడిగారు. ఆ పది రోజుల్లో నాకు గుర్తున్న మంచి మనిషి ఒక్కతే, గదులూడ్చే అవ్వ. ఆ వార్డులో గడియారం లేదు. ఆమె రోజూ వచ్చి, నేను అడగకముందే, తొమ్మిదైంది బిడ్డా అని టైము చెప్పి పోయేది. ఎందుకో ఆ టైమును మాత్రం నేను ఎప్పుడూ అనుమానించలేదు.

బిల్లు కట్టడానికి బాపు ఇరవై రెండు గొర్రెలను మాంసం వ్యాపారికి ఒక్కసారే తోలాడు. దసరా ఇంకా నెలన్నర ఉంది, ఆగితే ధర వచ్చేది. బేరమాడకుండా గొర్రెను అమ్మడం బాపు జీవితంలో అదే మొదటిసారి.

సెప్టెంబర్, అక్టోబర్

ఇంటికొచ్చాక గోలీలు ఇస్తే నాలుక కింద పెట్టుకుని బయటికెళ్లి ఉమ్మేసేవాణ్ని. సుజాత పట్టుకుంది. పట్టుకున్నకొద్దీ నాకు అనుమానం పెరిగింది. మంచి మందైతే ఇంత పట్టుదల ఎందుకు? తిండి కూడా తగ్గించేశాను. చొక్కా భుజాల మీద వేలాడేది. అప్పుడు బాపు నా ముందు కూర్చుని, మరి ఎలా అయితే తింటావో నువ్వే చెప్పమన్నాడు.

నేను చెప్పాను. “ఒక్క గిన్నెలకెళ్లి బాపు తింటేనే తింట. ముందల నువ్వు తినాలె.”

ఆ మర్నాటి నుంచి అలాగే జరిగింది. సుజాత ఒకే గిన్నెలో కూర, ఒకే గిన్నెలో అన్నం తెచ్చి మా మధ్య పెట్టేది. బాపు కలుపుకుని తినేవాడు. ఐదు ముద్దలు లెక్కపెట్టి, ఆయన మొహం చూసి, అప్పుడు నేను మొదలుపెట్టేవాణ్ని. బాపు తిన్నదాంట్లో విషం ఉండదు కదా. ఇంటిల్లిపాదిలో ఆ ఒక్క మనిషి మీదే నాకు అనుమానం రాలేదు. ఎందుకు రాలేదని డాక్టరమ్మ తర్వాత అడిగింది. నాకు తెలియదు.

కానీ కళ్లు ఊరుకోవు. సుజాత మాతో తినేది కాదు. సోమవారం ఒక్కపొద్దనేది, శనివారం ఒక్కపొద్దనేది, మిగతా రోజులు తర్వాత తింటాననేది. పాపకు వేరే గిన్నెలో గుడ్డూ అన్నం వండి పక్కింటి అరుగు మీద తినిపించేది. పాప ఒకసారి నా పళ్లెంలో చెయ్యి పెడితే సుజాత ఆ చెయ్యి గట్టిగా లాగేసింది, పాప ఏడ్చింది. నా లేబుళ్లు అప్పటికి పెద్దవయ్యాయి. పప్పుచారు, మంగళవారం, పొద్దున ఎనిమిదిన్నర. తిన్నవాళ్లు నేను, బాపు. తిననివాళ్లు సుజాత, పాప.

నాకు నిద్ర పట్టసాగింది. దగ్గులు, గుసగుసలు కాస్త దూరం జరిగాయి. ఇప్పుడు అది మంచి లక్షణమని తెలుసు. అప్పుడు మాత్రం, నిద్రమత్తు ఎక్కించి చంపుతారని అనుకున్నాను. ఎందుకంటే బాపు నా కళ్ల ముందే పాడైపోతున్నాడు. పొద్దుగూకేదాకా మంద వెంట నడిచే మనిషి కూర్చున్నచోట కునికేవాడు. చాయ్ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి మీద ఒలకబోసుకునేవాడు. అడుగులు చిన్నవయ్యాయి, నేల మీద చెప్పులు ఈడ్చిన చప్పుడు. మొహంలో నవ్వూ కోపమూ రెండూ పోయాయి. వయసైందని ఊరంతా అంది. రెండు నెలల్లో ఏ మనిషికైనా ఇరవై ఏళ్ల వయసు మీద పడుతుందా?

నవంబర్

ఒకరోజు మధ్యాహ్నం బాపు గట్టు మీద కునుకు తీశాడు. మంద పక్క చెలకలోకి పోయింది. అది పశువుల మేతకని వేసి కోసిన జొన్న, మళ్లీ లేత పిలకలు వేసి ఉంది. ఆ పిలకల్లో విషం ఉంటుంది, నాము అంటారు. గొర్రెలు కాసేవాళ్ల ఇంట్లో మాటలు రాని పిల్లకు కూడా ఆ సంగతి తెలుసు. బాపు తన జీవితంలో ఎప్పుడూ మందను ఆ గట్టు దాటనివ్వలేదు. ఆ రోజు మెలకువ వచ్చేసరికి ఆరు గొర్రెలు కడుపుబ్బి కాళ్లు కొట్టుకుంటున్నాయి. అమ్మినవి పోను మిగిలినవే తక్కువ, అందులో ఆరు.

బాపు వాటి మధ్య కూర్చుని ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. నన్ను చంపితే చంపారు, బాపును ఎందుకు చంపుతున్నారు? మర్నాడు పొద్దున్నే ఏడు సీసాలు ఏరి సంచిలో వేసుకుని, బాపును నేనే దవాఖానకు తీసుకుపోతానన్నాను. సూదిమందాయన దగ్గరికి కాదు, నగరానికి కాదు, నల్గొండ పెద్ద దవాఖానకు. అక్కడ డబ్బులు తీసుకోరు. నాతో లాభం లేనివాడు నన్ను మోసం చేయడని నా లెక్క. ఊరంతా ఏ కారణానికి ఆ దవాఖాన వద్దందో, నేను అదే కారణానికి అక్కడికి పోయాను.

సుజాత కూడా వస్తానంది. ఆమె చేతిసంచి ఒళ్లోంచి కదపలేదు. బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం.

చీటీ బాపు పేరు మీద రాయించాను. మొదట చూసిన డాక్టరు బాపును చూశాడు, నా సీసాలు చూశాడు, నన్ను కొంచెం ఎక్కువసేపు చూశాడు, ఇంకో గది నంబరు రాశాడు. అక్కడికెళ్లి బోర్డు చదివితే మానసిక వ్యాధుల విభాగమని ఉంది. నన్ను మళ్లీ పట్టించారని అర్థమైంది. వెనక్కి తిరిగాను. బాపు అప్పటికే బల్ల మీద కూలబడ్డాడు.

“జర కూసోనియ్ కొడుకా, కాళ్లు వస్తలేవు,” అన్నాడు.

ఆయన కోసం ఆగాను. ఆయన కాళ్లు బాగుండి ఉంటే నేను ఈ పాటికి ఎక్కడుండేవాణ్నో తెలియదు.

డాక్టరమ్మ చిన్న వయసుది. లోపలికి పోగానే నన్ను చూస్తుందనుకున్నాను, బాపును చూసింది. తలుపుదాకా నడిచి రమ్మంది. చేతులు చాపమంది. మోచెయ్యి పట్టుకుని మెల్లగా వంచి చూసింది. తర్వాత, పెద్దయ్యా ఏం మందులు వాడుతున్నావని అడిగింది. తనకే రోగమూ లేదన్నాడు బాపు. ఆమె సుజాత వైపు చూసింది. సుజాత తల దించుకుంది.

నేను సీసాలు బల్ల మీద పెట్టి, మా అన్నంలో విషం కలుపుతున్నారని చెప్పాను. ఆమె నవ్వలేదు, అయ్యో అని కూడా అనలేదు. ఒక సీసా తీసి లేబుల్ చదివింది. ఇలా రాయడం ఎక్కడ నేర్చుకున్నావంది. చెప్పాను. తిననివాళ్ల పేర్లు కూడా రాశావే అంది. అప్పుడు లేచి తలుపు వేసి వచ్చి, సుజాతను అడిగింది.

“ఏం కలుపుతున్నవమ్మా?”

సుజాత చేతిసంచి తెరిచింది. అందులోంచి చిన్న మందు సీసా తీసి నా సీసాల పక్కన పెట్టింది. నగరంలో ఆ దవాఖాన ముందున్న మందుల షాపులో మనిషి ఇచ్చాడట. గోలీలు ఉమ్మేస్తే ఈ చుక్కలు కూరలో వేయమని, రుచీ వాసనా ఉండవని, ఇళ్లలో అందరూ ఇదే చేస్తారని చెప్పాడట. నేను గిన్నె ఒకటే ఉండాలని పట్టుబట్టాక గిన్నెలోనే వేయాల్సి వచ్చింది. పది వేస్తే నాకు సగమే చేరుతుందని ఇరవై వేసిందట.

ఆ క్షణం నాకు సంతోషం కలిగింది. దాచడం ఎందుకు, గెలిచానన్న సంతోషం. మూడు నెలలుగా నేను చెబుతున్నది నిజమే. అది ఒక నిమిషం కూడా నిలవలేదు, ఎందుకంటే పక్కన బాపు ఉన్నాడు.

“నీకు తెల్వది గద బాపు?” అన్నాను.

“తెలిసే తిన్న,” అన్నాడు. మాటలు కూడా అప్పటికి ముద్దగా వచ్చేవి. “మందను వాగు దాటియ్యాలంటే ముందల ఒక్కదాన్ని దాటిస్తం. కడమయి దాన్ని చూసి దాటుతయి. నువ్వు నన్ను చూసి తింటున్నవు గద కొడుకా. ముసలోన్ని, నాకేమైతది అనుకున్న.”

నాకు ఏడుపు రాలేదు. బల్ల మీది సీసాలను ఒక వరసలో పెట్టాను. డాక్టరమ్మ కుర్చీ నా వైపు జరుపుకుంది.

“మల్లేశ్, నీ అనుమానం నిజం. నీ అన్నంల మందు కలిపిండ్రు. అది విషం కాదు, నీకు రాసిన మందే. కానీ నీకు చెప్పకుండ కలుపుడు తప్పు. ఏ రోగం లేని పెద్దాయన దాన్ని తినుడు ఇంకా పెద్ద తప్పు. పానం మీదికి వచ్చేది.”

అన్ని నెలల్లో నాకు నిజం చెప్పిన మొదటి మనిషి ఆమె. అలాగని వెంటనే నమ్మాననుకోకండి. మా కంపెనీవాళ్లు మీకు ఫోన్ చేశారా అని అడిగాను. ఏ కంపెనీయో తనకు తెలియదంది. తనను నమ్మమని కూడా అనడం లేదంది. బాపు ఇవాళ్టి నుంచి ఆ చుక్కలు ముట్టడు, ఆయన చేతులు ఎన్ని రోజులకు కుదురుతాయో నువ్వే రాసుకో, మళ్లీ మంగళవారం వచ్చి నాకు చూపించు అంది. నాకు మాత్రం గోలీలు రాసింది. అవి ఎవరి చేతా తీసుకోవద్దని, దవాఖానలో మందులిచ్చే కిటికీ దగ్గర నువ్వే తీసుకోమని చెప్పింది.

కిటికీలో స్ట్రిప్పులు ఇచ్చారు, డబ్బులు అడగలేదు. వెలుతురులోకి తెచ్చి బ్యాచ్ నంబరు చూశాను, గడువు తేదీ చూశాను, రేకు ఎక్కడైనా లేచిందేమో గోటితో తడిమాను. ఎక్కడా లేవలేదు. మందుల కంపెనీలో సీసాలకు సీళ్లు వేసినవాణ్ని సీలు లేని మందు తాగమంటే ఎలా తాగుతాను? ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. నా చేత్తో రేకు చింపి, నల్లా కింద దోసిలి పట్టి, గోలీ మింగాను. సుజాత కొంచెం దూరంలో నిలబడి చూస్తోంది, దగ్గరికి రాలేదు.

డిసెంబర్ నుంచి

బాపు చేతులు వారంలో కొంచెం, నెలలో చాలా కుదిరాయి. నేను రోజూ రాశాను. చాయ్ ఒలకని మొదటి రోజున ఆయన గ్లాసు ఖాళీ చేసి నాకు బోర్లించి చూపించాడు. ఆయన మొహంలో నవ్వు తిరిగొచ్చింది. ఆయన తేరుకున్నకొద్దీ డాక్టరమ్మ చెప్పింది ఒక్కొక్కటే నిజమవుతూ వచ్చింది, దాంతోపాటు నా గోలీ మీద నమ్మకం కూడా. ఎర్ర బండి నంబరు రాసిన కాగితం ఒకరోజు నేనే చదువుకుని, ఆ రోడ్డు మీద రోజూ అదే టైముకు డ్యూటీకి పోయే మనిషి ఎవడో అయ్యుంటాడని మొదటిసారి అనుకున్నాను.

సుజాతతో మాత్రం రెండు నెలలు మాట్లాడలేదు. వండింది నేనే వడ్డించుకునేవాణ్ని. రోగం తగ్గుతుంటే కోపం పెరిగింది, ఎందుకంటే ఇప్పుడది అనుమానం కాదు, జరిగిన పని. ఒకరోజు పొయ్యి దగ్గర ఆమే అడిగేసింది.

“నువ్వు ఉమ్మేస్తుంటే నన్ను ఏం చెయ్యమంటవ్? సచ్చిపోతుంటే చూసుకుంట కూసోవాల్నా? అన్నం పెడుతుంటే నా చెయ్యి వణికేది. నువ్వు దాన్నే చూసెటోనివి.”

ఆమె స్థానంలో నేనున్నా చుక్కలే వేసేవాణ్నేమో. బాపుకు తినిపించి ఉండేవాణ్ని కాదని మాత్రం అన్నాను. ఆయనే తింటానని గిన్నె లాక్కునేవాడని, నేను తినడం చూసి తాను కూడా ఆయనను వద్దనడం మానేశానని చెప్పి ఏడ్చింది. ఆ రోజు ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. పాప మధ్యలో కూర్చుని రెండు పళ్లేల్లోనూ చెయ్యి పెట్టింది.

ఖర్చు సంగతి ఒక్క మాటలో చెబుతాను. తెలియని నగరంలో పది రోజులకు బాపు మందలో సగం పోయింది. తెలిసిన నల్గొండలో రెండున్నరేళ్లుగా నాకు అవుతున్నది బస్సు చార్జీ, ఆ రోజు కూలి. అందరికీ ఇలాగే కుదురుతుందని నేను అనను. ప్రైవేటువాళ్లందరూ దొంగలనీ అనను. మొదట మీ జిల్లా దవాఖానలో మానసిక వ్యాధుల గది ఎక్కడుందో ఒకసారి కనుక్కోండి, అమ్మాల్సింది తర్వాత అమ్మొచ్చు.

పాత కంపెనీకి పోయి మళ్లీ పనిలోకి తీసుకోమన్నాను. ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. వాళ్లకు తెలిసిపోయి ఉంటుందని నాకు అనిపించింది. ఇది రోగపు అనుమానమా, మామూలు అనుమానమా అని డాక్టరమ్మనే అడిగాను. ఆమె నవ్వి, ఇది కూలి చేసుకునేవాళ్లందరికీ ఉండే అనుమానమే, దీనికి తన దగ్గర మందు లేదంది. ఇప్పుడు ఇంకో చిన్న కంపెనీలో ప్యాకింగ్‌లో ఉన్నాను. వాళ్లకు చెప్పలేదు.

ఈ వానాకాలం

మొన్న తొలకరి వానలప్పుడు పక్క ఊరి నుంచి ఒకామె మా ఇంటికి వచ్చింది. ఎవరి ద్వారా తెలుసుకుందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆమె తమ్ముడికి ఇరవై రెండేళ్లట. రెండు నెలలుగా గది తలుపు వేసుకుని ఉంటున్నాడట, గోలీలు విసిరికొడుతున్నాడట. నన్ను చూడకుండా సుజాతనే అడిగింది, ఆ చుక్కల మందు పేరేమిటని.

కలపొద్దని నేను చెప్పాను. బాపు సంగతి అంతా చెప్పాను. కావాలంటే నేనే వచ్చి అతనితో కూర్చుంటానని, నా స్ట్రిప్పు చూపిస్తానని, మంగళవారం నల్గొండకు తోడుగా వస్తానని అన్నాను. ఆమె అంతా విని, నన్ను తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది. గడ్డం గీసుకుని, డ్యూటీ చొక్కా వేసుకుని, పాప జడ అల్లుతూ కూర్చున్నాను.

“కలిపితేనే గద తమ్మీ నువ్వు మంచిగైంది,” అంది.

ఆ చుక్కలు పడకపోతే నేను బస్సెక్కి నల్గొండ దాకా పోయేవాణ్ని కాదేమో. ఈ మాట డాక్టరమ్మ కూడా కాదనలేదు.

సుజాత చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. గొంతులో కోపం కూడా లేదు.

“మంచిగైండు అక్కా. రెండున్నరేండ్లాయె. ఇయ్యాల్టికీ నేను చెంబుల నీళ్లిస్తే ఒక్కసారి వాసన చూసి తాగుతడు.”

నేను అలా చేస్తానని నాకు అప్పటిదాకా తెలియదు.